వింగ్‌లో మొదలై స్క్రమ్‌లో తేలాను

నేను రగ్బీలోకి కబడ్డీ దారిన వచ్చాను. మాది కరీంనగర్ వైపు ఊరు. ఇంటర్‌లో, డిగ్రీలో రైడర్‌గా ఆడాను. వ్యాయామ విద్యలో బీపీఈడీ చదవడానికి హైదరాబాద్ వచ్చాక, 2024 డిసెంబర్‌లో, క్లాస్‌మేట్ ఒకడు "పొద్దున్నే రా, కొత్త ఆట చూపిస్తా" అని పిలిస్తే వెళ్లాను. గచ్చిబౌలి వైపు ఒక మైదానం. ఐదున్నరకి ఇంకా చీకటి పోలేదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని చేత్తో ముందుకి విసరకూడదట, పక్కకో వెనక్కో ఇవ్వాలట. పట్టుకుని ఉరకడం, దొరక్కుండా తప్పించుకోవడం, పట్టుకుంటే పడటం, పడితే లేవడం. పది నిమిషాలు చూసేసరికి ఇది మన కబడ్డీకి దూరపు చుట్టంలాగే అనిపించింది.

వాళ్లు ఆడేది ఏడుగురి ఆట, సెవెన్స్. 7 నిమిషాలు, 2 నిమిషాల విరామం, మళ్లీ 7 నిమిషాలు. "పద్నాలుగు నిమిషాలేనా!" అని నవ్వాను. కబడ్డీ 40 నిమిషాలు ఆడినవాణ్ణి కదా. కానీ మైదానం సంగతి ఆలోచించలేదు. 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. 15 మంది ఆడే రగ్బీకీ అదే మైదానం. ఇక్కడ మాత్రం జట్టుకి ఏడుగురే. అంటే మనిషి వాటాకి వెయ్యి చదరపు మీటర్లు. కబడ్డీ కోర్టు 130 చదరపు మీటర్లు. ఒక్కొక్కడు ఏడు కోర్టులకి పైనే కాపలా కాయాలన్నమాట. ఈ లెక్క నేను తర్వాత వేసుకున్నాను. మొదటి రోజు మాత్రం మూడో నిమిషంలోనే రెండు చేతులూ మోకాళ్ల మీదికి వచ్చేశాయి.

"ఏం తమ్మీ, అయిపోయిందా?" అన్నాడు ప్రాప్ అనే స్థానంలో ఆడే అన్న. ఆయనకి ముప్పై దాటాయి, 90 కిలోల మనిషి. ఈ అన్న మళ్లీ మళ్లీ వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

ఏడుగురిలో ముగ్గురు ఫార్వర్డ్స్, అంటే స్క్రమ్‌లో బంతి కోసం అవతలి జట్టుతో తోసుకునేవాళ్లు: ఇద్దరు ప్రాప్‌లు, మధ్యలో హుకర్. నలుగురు బ్యాక్స్, అంటే వెనక నిలబడి బంతి అందుకుని ఉరికేవాళ్లు: స్క్రమ్ హాఫ్, ఫ్లై హాఫ్, సెంటర్, వింగ్. నా మొదటి రెండు అడుగులు చూసి మా కోచ్ సార్ "వింగ్‌లో నిలబడు" అన్నారు. సార్ ఆర్మీలో ఆడి వచ్చిన మనిషి, మాటలు తక్కువ. నాకేమో ఛాతీ ఉబ్బింది. వింగ్ అంటే గీత పక్కన ఉరికే హీరో వేషం కదా. ఆ రాత్రి హాస్టల్లో కార్లిన్ ఐల్స్ వీడియోలు చూస్తూ పడుకున్నాను. అమెరికా జట్టుకి వింగర్‌గా ఆడినవాడు. 100 మీటర్లు 10.13 సెకన్లలో పరుగెత్తిన స్ప్రింటర్, ట్రాక్ వదిలి సెవెన్స్‌కి వచ్చాడు. అతను గీత పక్కనుంచి వెళ్తుంటే మిగతావాళ్లు నడుస్తున్నట్టు కనిపిస్తారు. నన్ను నేను అక్కడే ఊహించుకున్నాను.

వింగ్‌లో అసలు కష్టం ఎవరూ చెప్పలేదు. అది నిలబడటం. డిసెంబర్ చలిలో గీత పక్కన ఒంటరిగా నిలబడి ఉంటాం. బంతి అవతలి పక్కన ఎక్కడో ఉంటుంది. రెండడుగులు ముందుకి, నాలుగు వెనక్కి, లైన్ చూసుకుంటూ జరుగుతుంటాం. ఒళ్లు చల్లబడిపోతుంది. అంతలో పాస్ వస్తుంది. అప్పుడు, ఆ క్షణంలోనే, ఉన్న వేగమంతా బయటికి తీయాలి. మొదటి 10 మీటర్లు నేను బాణంలా వెళ్లేవాణ్ణి. 30 మీటర్ల దగ్గర వెనక నుంచి ఎవడో ఒకడు నడుం పట్టుకునేవాడు. నా ముందు ఖాళీ మైదానం, ట్రై లైన్ (అది దాటి బంతిని నేలకి ఆనిస్తే పాయింట్లు, అదే ట్రై) కనిపిస్తూనే ఉంటుంది, నేను మాత్రం గడ్డిలో ఉంటాను.

అలా పడ్డ ప్రతిసారీ బంతి అవతలి జట్టుకి పోయేది, మనవాళ్లు సమయానికి రాక. నాకు కోపం వచ్చేది. "అన్నా, యాడున్నవ్? నువ్వొచ్చేసరికి బంతి పాయె!" అని ప్రాప్ అన్న మీద ఒకట్రెండు సార్లు అరిచాను కూడా. ఆయన జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఊపిరి ఉండేది కాదని తర్వాత తెలిసింది.

మూడో వారంలో తొడ వెనక కండరం పట్టేసింది. టప్పుమని ఎవరో రాయి విసిరినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మూడు వారాలు ఆటకి దూరం.

తిరిగొచ్చేసరికి జనవరి చివర. ఒక శనివారం సార్ అందరికీ టెస్టులు పెట్టారు. 40 మీటర్ల పరుగు, ఉన్నచోటే ఎగరడం, పుల్ అప్స్, చివర్లో బ్రాంకో. స్టాప్‌వాచ్ నొక్కడంలో తేడాలొస్తాయని పరుగులన్నీ ఫోన్‌లో స్లో మోషన్ తీసి లెక్కపెట్టారు. ఎగురుడుకి వేళ్లకి చాక్‌పీస్ పొడి రాసుకుని గోడ మీద ముద్ర వేయడమే. ఖరీదైన సామాను ఏదీ లేదు.

బ్రాంకో గురించి చెప్పాలి. 20, 40, 60 మీటర్ల దగ్గర కోన్లు పెడతారు. 20 దాకా వెళ్లి రావాలి, 40 దాకా వెళ్లి రావాలి, 60 దాకా వెళ్లి రావాలి. అది ఒక రౌండ్. అలాంటివి ఐదు, మధ్యలో ఆగడం లేదు. మొత్తం 1200 మీటర్లు. దూరం వింటే ఏమీ లేదనిపిస్తుంది. ప్రతి మలుపులోనూ వేగం చంపుకుని మళ్లీ పుట్టించుకోవాలి, అక్కడే ప్రాణం పోతుంది. మూడో రౌండ్‌లో 60 కోన్ దగ్గరికి వెళ్తుంటే అది జరుగుతూ పోతున్నట్టు అనిపించింది. నాకు 5 నిమిషాల 26 సెకన్లు పట్టింది. 90 కిలోల ప్రాప్ అన్న 5:11. నాకు నోట మాట రాలేదు. లావు మనుషులు ఫార్వర్డ్స్‌లో ఆడతారు, ఉరికేవాళ్లు బ్యాక్స్‌లో ఆడతారు అనుకుంటూ వచ్చినవాణ్ణి నేను.

సాయంత్రం సార్ నోట్‌బుక్ తెరిచి ముగ్గురి అంకెలు పక్కపక్కన రాశారు. మొదటి 10 మీటర్లలో నాది 1.78 సెకన్లు, జట్టు మొత్తంలో బెస్ట్. 30 నుంచి 40 మధ్య ఆఖరి 10 మీటర్లకి వచ్చేసరికి నాకు 1.28, రెండో వింగర్‌గా ఆడే కుర్రాడికి 1.12. అంటే వాడు అక్కడ సెకనుకి దాదాపు 9 మీటర్లు పోతున్నాడు, నేను 8 కూడా లేను. ప్రాప్ అన్న ఇంకా నెమ్మది, సుమారు 7.6. తర్వాత సార్ వేగాన్ని బరువుతో గుణించారు. ఇంటర్ ఫిజిక్స్‌లో ద్రవ్యవేగం అని చదువుకున్నామే, అదే. 68 కిలోల వింగర్ కుర్రాడిది 605. 90 కిలోల అన్నది 684. 74 కిలోల నాది 577. అటు వేగం చాలదు, ఇటు బరువు చాలదు.

"నీ దగ్గర ఫస్ట్ గేర్ బ్రహ్మాండంగా ఉంది. ఫోర్త్ గేర్ లేదు. వింగ్‌కి కావాల్సింది ఫోర్త్ గేర్. ఫస్ట్ గేర్ పనంతా బంతి కింద పడ్డచోట ఉంటుంది. సోమవారం నుంచి ప్రాప్" అన్నారు.

అవమానంగా అనిపించింది, దాచడం ఎందుకు. హీరో వేషం ఇచ్చి బండి తోసేవాడి వేషానికి మార్చినట్టు. రెండు రోజులు ప్రాక్టీస్‌కి వెళ్లలేదు. మూడో రోజు ప్రాప్ అన్న హాస్టల్ గేటు దగ్గర బైకు ఆపి హారన్ కొట్టాడు. "నువ్వు నా మీద ఒర్లినవ్ కదా, రా, నా జాగల నిలవడి చూడు" అన్నాడు.

సెవెన్స్‌లో స్క్రమ్ ముగ్గురికి ముగ్గురు. "క్రౌచ్, బైండ్, సెట్" అని రిఫరీ పిలుస్తాడు. వంగి, పక్కవాడి జెర్సీ పిడికిట్లో బిగించి, అవతలివాడి భుజం కింద మన తల దూరుస్తాం. చెవి వాడి చెంపకి రాసుకుంటూ మండుతుంది. నెట్టుడు రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. 15 మంది ఆటలో ఎనిమిదికి ఎనిమిది మంది తోసుకునే స్క్రమ్ అలా కాదు. అక్కడ 120 కిలోల ప్రాప్ మామూలు విషయం, అతని బతుకంతా ఆ తోపులాటలోనే ఉంటుంది. ఇక్కడ తోపులాట అయ్యాకే పని మొదలు. నడుం వంచి ఉన్నవాడు అట్నుంచి అటే లేచి ఉరకాలి, ఎందుకంటే ముగ్గురూ స్క్రమ్‌లో ఇరుక్కుంటే మిగిలిన 70 మీటర్ల వెడల్పునీ నలుగురే కాస్తున్నారు. 120 కిలోల మనిషిని ఇందులో దించితే మొదటి సగం కూడా లాగలేడు.

రెండోది కిక్ ఆఫ్, ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్. 15 మంది ఆటలో ట్రై ఇచ్చుకున్న జట్టు కిక్ కొడుతుంది. సెవెన్స్‌లో తిరగేసి, ట్రై కొట్టినవాళ్లే మళ్లీ కొడతారు. అంటే వరసగా రెండు మూడు సార్లు బంతి ఒకే జట్టుకి దక్కే ప్రమాదం ఉంది. గాల్లోకి వచ్చే ఆ బంతిని ఎవడు అందుకుంటే మ్యాచ్ వాడిదే అన్నట్టు ఉంటుంది. దానికోసం ఇద్దరు కలిసి మూడోవాణ్ణి తొడల దగ్గర పట్టి పైకి ఎత్తుతాం. 80 కిలోల మనిషిని, మెడ బలంతో కాకుండా మోకాళ్ల బలంతో, తల పైదాకా. అప్పుడే అవతలివాణ్ణి వెంటాడి పట్టలేక, ట్రై ఇచ్చేసి, రొప్పుతూ వెనక్కి వచ్చి ఎత్తాలి. జిమ్‌లో సేదతీరి ఎత్తే స్క్వాట్‌కీ దీనికీ పోలికే లేదు.

మూడోది, నా దృష్టిలో అసలుది, పడి లేవడం. సార్ దీనికి సొంతంగా ఒక డ్రిల్ కట్టారు. ఐదు మీటర్లు ఉరికి ఛాతీ నేలకి ఆనించాలి, లేచి వెనక్కి వచ్చి ట్యాకిల్ బ్యాగ్‌ని (మనిషిని పట్టి పడేయడం నేర్చుకునే మెత్తటి బస్తా) గుద్దాలి, దాంతోపాటే పడాలి, మళ్లీ లేవాలి. అలా ఎనిమిది సార్లు, 30 సెకన్లు రెస్ట్, నాలుగు సెట్లు. మొదటి రోజు మూడో సెట్ తర్వాత పక్కకెళ్లి కక్కేశాను. అన్న వీపు రాసి, నీళ్లిచ్చి, "ఇగ నాలుగోది" అన్నాడు.

బరువు కథ ఇంకోటి. కబడ్డీలో సీనియర్ మగవాళ్లు 85 కిలోలు దాటకూడదు. నాకు ఆ గీత దూరమే అయినా, తూకానికి ముందురోజు అన్నం మానేసి ఉరికేవాళ్లని చూస్తూ పెరిగాను. బరువు అంటే భయం ఒంట్లో ఉంది. ఇక్కడ సార్ పెంచమన్నారు. హాస్టల్ తిండితో ఎలా పెంచాలి? పొద్దున నాలుగు గుడ్లు, సాయంత్రం రెండు, జేబులో పల్లీ పట్టీలు, రాత్రి మెస్ పప్పు రెండు గిన్నెలు, ఆదివారం చికెన్. ఏప్రిల్‌కి 79 అయ్యాను. ఉగాదికి ఇంటికెళ్తే మా అమ్మ "ఇప్పుడు మనిషి లెక్కున్నవ్ బిడ్డా" అంది. మా అమ్మ దృష్టిలో రగ్బీ మంచి ఆట అయిపోయింది.

కానీ బ్రాంకో 5:26 కాస్తా 5:38కి జారింది. టెన్షన్ వచ్చేసింది. సార్ మాత్రం కంగారు పడలేదు. బరువు ముందు వస్తుంది, దాన్ని మోసే ఊపిరి వెనక వస్తుంది అన్నారు. వారానికి రెండు రోజులు చిన్న చిన్న పరుగులు, మధ్యలో తక్కువ రెస్ట్. మూడో రోజు స్క్వాట్, పుల్ అప్స్, మెడకి వ్యాయామాలు. జులైలో 82 కిలోల మీద 5:15 చేశాను. అన్నని దాటలేదు, ఆయన 5:08కి వచ్చేశాడు ఈలోపు.

ఈ మధ్యలో ఒక సరదా పని చేశాం. పెద్ద జట్లలో వీపు మీద చిన్న జీపీఎస్ డబ్బా పెట్టుకుంటారు. మాకెక్కడిది? స్క్రమ్ హాఫ్ తమ్ముడి దగ్గర పరుగులు కొలిచే వాచ్ ఉంది. ట్యాకిల్ లేకుండా ఆడే టచ్ మ్యాచ్‌లలో ఆ వాచ్‌ని రోజుకొకరికి కట్టాం. వింగర్ కుర్రాడు 1.4 కిలోమీటర్లు. నేను 1.5. అందరికంటే ఎక్కువ స్క్రమ్ హాఫ్ తమ్ముడే, ఎందుకంటే మనం దాడిలో ఉంటే ప్రతి బంతి దగ్గరికీ వాడే వెళ్లాలి, కాపలాలో ఉంటే లైన్ వెనక స్వీపర్‌గా ఈ గీత నుంచి ఆ గీతకి వాడే తిరగాలి. అంతర్జాతీయ మ్యాచ్‌ల మీద వచ్చిన పరిశోధనల్లోనూ ఆటగాడికి దూరం సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే కనిపిస్తుంది. ఫార్వర్డ్స్ బరువు, బ్యాక్స్ వేగం అనే తేడా ఉన్నా, 15 మంది ఆటలో ఉన్నంత దూరం వాళ్ల మధ్య ఇక్కడ లేదనే అవీ చెప్తాయి.

మరి తేడా ఎక్కడుంది? ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌ని ఎవరో గ్యాలరీ నుంచి వీడియో తీస్తే, రాత్రి కూర్చుని గీతలు గీసి లెక్కపెట్టాను. 14 నిమిషాల్లో నేను నేల మీద పడి లేచింది 17 సార్లు. వింగర్ కుర్రాడు 5 సార్లు. వాడు పూర్తి వేగంతో పరుగెత్తింది 6 సార్లు, ప్రతిసారీ 30 మీటర్లకి పైనే. నేను ఒక్కసారి కూడా ఆ వేగం అందుకోలేదు, అందుకునేంత చోటే దొరకలేదు. ఇద్దరం ఒకే జీతం తెచ్చుకుని, ఒకడు వారానికోసారి పెద్ద సామాను కొన్నట్టు, ఇంకొకడు రోజూ చిల్లరగా ఖర్చు పెట్టినట్టు. నెలాఖరుకి ఇద్దరి జేబూ ఖాళీయే.

ఫ్లై హాఫ్ ఖర్చు వేరే. ట్రై తర్వాత అదనపు పాయింట్ల కోసం కొట్టే కన్వర్షన్ కిక్‌ని సెవెన్స్‌లో నేల మీద నిలబెట్టి కొట్టనివ్వరు. బంతిని చేత్తో వదిలి, నేలని తాకి లేస్తుండగా తన్నాలి, అదీ 30 సెకన్లలోపు. గుండె నిమిషానికి 180 కొట్టుకుంటుంటే కాలు వణక్కూడదు. మావాడు షటిల్స్ కొట్టి, రొప్పుతూ వచ్చి ఆ కిక్ ప్రాక్టీస్ చేసేవాడు. ఆ పని మాత్రం నాకు పెట్టొద్దని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

జూన్‌లో ముంబైలో మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. హైదరాబాద్ హీరోస్ మన జట్టు కాబట్టి హాస్టల్లో అందరం ఫోన్ చుట్టూ చేరేవాళ్లం. మిగతావాళ్లు బంతిని చూసేవాళ్లు. నేను ప్రాప్‌లనే చూసేవాణ్ణి. బంతి ఇవతలి పక్క ట్రై అవుతుంటే, అవతలి పక్క ఒకడు ఇంకా మోకాళ్ల మీద నుంచి లేస్తూ ఉంటాడు. కెమెరా వాణ్ణి పట్టించుకోదు. వాడు ఎంత త్వరగా లేచాడన్నదే నేను చూసేది. నాకు పిచ్చిపట్టిందనుకున్నారు రూమ్‌మేట్స్.

ఆగస్టులో ఒక పోటీకి వెళ్లాం. వాన పడి మైదానం బురద. ఒక్కరోజే మూడు మ్యాచ్‌లు, మధ్యలో రెండు రెండున్నర గంటల గ్యాప్. సెవెన్స్‌లో ఫిట్‌నెస్ అంటే 14 నిమిషాలది కాదని అక్కడ తెలిసింది. మొదటి మ్యాచ్ అయ్యాక అందరం కబుర్లు చెప్పుకున్నాం. రెండోది అయ్యాక టెంట్ కింద ఎవడి జబ్బు వాడిది. ఫార్వర్డ్స్ ముగ్గురం భుజాలకి, మెడకి ఐస్ పెట్టుకుని పడుకున్నాం. వింగర్లు పడుకోరు, తొడలు బిగుసుకుపోతాయని అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. అరటిపండ్లు, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు, కొంచెం పెరుగన్నం. పెరుగన్నం ఎక్కువ తిన్న హుకర్ మూడో మ్యాచ్‌లో పడ్డ పాట్లు ఇక్కడ రాయను.

మూడో మ్యాచ్ రెండో సగంలో మా వింగర్ కుర్రాడు తొడ పట్టుకుని కూర్చుండిపోయాడు. అదే కండరం, అదే చోట. బెంచ్ మీద అడుగు వేయగలిగినవాడు ప్రాప్ అన్న ఒక్కడే మిగిలాడు. సార్ గీత బయటి నుంచి వేలు చూపించారు: అన్న నా స్థానంలోకి, నేను వింగ్‌లోకి.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ గీత పక్కన నిలబడ్డాను. ఇంకా రెండు నిమిషాలుంది. స్క్రమ్‌లో మావాళ్లు వంగడం దూరం నుంచి చూస్తుంటే చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు. బంతి బయటికొచ్చింది, స్క్రమ్ హాఫ్, ఫ్లై హాఫ్, సెంటర్, నేను. ముందు ఖాళీ. మొదటి 10 మీటర్లు పాతరోజుల్లాగే పోయాను. 20, 30. ఈసారి 35 దాకా వెళ్లాననుకుంటా, వెనక నుంచి నడుం మీద చేతులు పడ్డాయి. కానీ పడటం ఇప్పుడు నాకు వచ్చు. పక్కకి తిరిగి పడి, చేయి పొడుగ్గా చాచి బంతిని మావాళ్ల వైపు పెట్టాను. చుట్టూ ఎవరూ లేరు. మెడ తిప్పి చూస్తే బురదలో అన్న వస్తున్నాడు, ముఖం ఎర్రగా, నోరు తెరిచి. అవతలివాడికి సగం అడుగు ముందు వచ్చి నా మీదుగా వంగి వాణ్ణి నెట్టి నిలబడ్డాడు. బంతి మాకే దక్కింది. స్క్రమ్ హాఫ్ దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

అన్న రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఊపిరి తీసుకుని అన్నాడు: "ఇంత దూరం ఎవడు ఉరకమన్నడ్రా నిన్ను!"